పిల్లల వినోదములు: డ్రాక్యులా కోటకు దుర్బలమైన నకలు



బిడ్డకు ఆటవస్తువును కొనునపుడు తల్లికి రెండు చింతలు కలుగును. అది బిడ్డకు హితమా, అహితమా యన్నది మొదటిది. ఇచ్చిన సొమ్మునకు తగిన సరకు చేతికి వచ్చినదా, లేదా యన్నది రెండవది. మొదటి చింతను గూర్చి పత్రికలలో విరివిగా వ్రాయుచున్నారు. రెండవదానిని పట్టించుకొనువారు తక్కువ. వంకాయను వ్రేలితో నొక్కి చూతుము. చీరను వెలుతురులో విప్పి చూతుము. కాని కంప్యూటరు ఆటను మాత్రము పెట్టెమీది బొమ్మను, పేరును చూచియే కొనివేయుదుము. ఏలయన, లోపలి సరకును పరీక్షించు విధము మన కెవ్వరును నేర్పలేదు. ఈ మాసమున ఆ విధమును ఒక యుదాహరణముతో వివరింప దలచితిని. జపాను దేశమున పుట్టి, మిగుల కీర్తి గాంచి, మఱియొక యంత్రమునకు మాఱునపుడు ప్రాణమును కోల్పోయిన యొక దయ్యముల కోట కథ యిది.

ఆ యాటపేరు కాసిల్వేనియా. 1986వ సంవత్సరము సెప్టెంబరు నెలలో కొనామి యను జపాను సంస్థ దానిని నిన్టెండో వారి ఫామికామ్ యంత్రమున కని వెలువరించెను. మఱుసటి యేట, అనగా 1987లో, అది అమెరికా చేరెను. మన దేశమున 1990ల దశకమున పిల్లలు టెలివిజనుకు తగిలించి యాడుకొనిన చౌక వీడియోగేము పెట్టెలలో పెక్కు ఈ ఫామికామ్‌కు నకళ్లే గనుక, ఆ జాతి యాటలు మనలో అనేకులకు క్రొత్తవి కావు. మారియో ఆటను చూచినవారికి దీని తీరు చెప్ప నక్కఱలేదు. వీరు డొకడు తెఱకు ఎడమవైపున బయలుదేరి, అరుగులమీదను మెట్లమీదను దుముకుచు, అడ్డువచ్చు శత్రువులను కొట్టుచు ముందుకు పోవును. ఇట్టి వానిని ప్లాట్‌ఫారం ఆట లందురు.

బ్రామ్ స్టోకర్ అను ఐర్లండు రచయిత 1897లో ప్రకటించిన డ్రాక్యులా నవలలోని రక్తపిశాచమే ఈ యాటకు ప్రతినాయకుడు. సైమన్ బెల్మాంట్ అను వీరుడు కొరడా చేతబట్టి ట్రాన్సిల్వేనియాలోని ఆ పిశాచపు కోటలో ప్రవేశించును. కోటలో 18 ఘట్టములు కలవు. వానిని ఆఱు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగము చివర ఒక్కొక్క ద్వారపాలకుని నిలిపిరి. పెనుగబ్బిలము, పాముల జడలు గల మెడూసా, వస్త్రములు చుట్టిన శవములు, ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారుడు, కొడవలి పట్టిన మృత్యువు, కడపట డ్రాక్యులా. గోడల వెంబడి వెలుగు క్రొవ్వొత్తులను కొరడాతో కొట్టినచో హృదయాకారములు రాలును. అవి యాయుష్షు అని బాలు రనుకొందురు. కావు, గొడ్డలి, బాకు మొదలగు నుపాయుధములను విసరుటకు అవి మూల్యములు. ఆయుష్షు నిచ్చు మాంసఖండములు కొన్ని గోడల యిటుకల వెనుక దాగియుండును.

ఈ యాట కఠినమైనది. కాని యా కాఠిన్యమునం దొక న్యాయము కలదు. వీరుడు ఒకసారి దుమికిన పిమ్మట గాలిలో త్రోవ మార్చుకొనజాలడు. దెబ్బ తగిలినచో వెనుకకు త్రోయబడును. వెనుక గొయ్యి యున్నచో అందు పడి చచ్చును. కొరడా విదిలించుటకు కన్నుమూసి తెఱచునంత వ్యవధి పట్టును. కావున ప్రతి యడుగును ముందుగా నాలోచించి వేయవలెను. మీట నొక్కిన తత్‌క్షణమే వీరుడు కదలును గనుక, ఓడిన బాలునకు తప్పు తనదే యని తెలియును. ఈసారి ముందుగా దుముకవలెనని తెలియును. ఆ తెలివితో మరల నారంభించును. మంచి యుపాధ్యాయుడు కఠినుడైనను పిల్ల లతనిని ప్రేమించుట కిదియే హేతువు. శిక్ష యెప్పుడు పడునో, యెందుకు పడునో వారికి ముందే తెలిసియుండును.

ఇక సంగీతము. ఆ కోటలో వినవచ్చు రాగములు నేటికిని వాద్యబృందములు వాయించుచున్నవి. వానిని కూర్చినది కినుయో యమాషిత, సతోయె తెరాషిమ యను నిరువురు స్త్రీలు. యమాషిత యప్పటికి చదువు ముగించి క్రొత్తగా నుద్యోగమున చేరిన యువతి. అయినను ఆట ముగిసినపుడు తెఱమీద కనబడు నామావళిలో ఆమె పేరు లేదు. ఆ కాలమున కొనామి సంస్థలో పనివారి నిజనామములను చూపు నాచారము లేకపోయెను. సంగీతకర్త పేరు 'జేమ్స్ బనానా' యని వ్రాసిరి. 1958 నాటి డ్రాక్యులా చలనచిత్రమునకు సంగీతము కూర్చిన జేమ్స్ బెర్నార్డ్ పేరుమీద చేసిన పరిహాస మది. పరిహాసము చక్కనిదే కావచ్చును. కాని తన చేతిపని దేశదేశముల మ్రోగుచుండగా ఆ స్థానమున అరటిపండు పేరు నిలిచియుండుట ఏ స్త్రీకి ఇంపుగా నుండును? పెండ్లివంట చేసినది తానై, పేరు మాత్రము మఱియొకరిదైన కోడండ్రకు ఈ బాధను వివరింప నక్కఱలేదు. చరిత్రకారుల యొక్కయు, అభిమానుల యొక్కయు శ్రమవలన తరువాతి కాలమున ఆమె పేరు వెలుగులోనికి వచ్చినది.

ఇంతవఱకు మూలమును గూర్చి చెప్పితిని. 1990లో ఈ యాటను ఇంటి కంప్యూటరులమీదికి మార్చిరి. కమొడోర్ 64 యను కంప్యూటరునకును, ఎం.ఎస్. డాస్‌తో నడచు కంప్యూటరులకును అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ చేసెను. అమిగా యను కంప్యూటరునకు హంగరీ రాజధాని బుడాపెస్టు నందలి నోవోట్రేడ్ సంస్థ చేసెను. ఈ కడపటిదానిని గూర్చియే నేడు మన విచారణ. ఏలయన, ఆశ యెంత పెద్దదో నిరాశయు నంత పెద్దదైనది.

ఆశ పెద్దది యగుటకు కారణము వినుడు. ఫామికామ్ 1983 నాటి యంత్రము. దాని మెదడు సెకనుకు సుమారు 17 లక్షల 90 వేల స్పందనలతో పనిచేయును. పనికై వాడుకొను జ్ఞాపకస్థలము 2 కిలోబైట్లు మాత్రమే. అది చూపగల వర్ణములు యాబదికి కొంచెము పైన. 1987లో వచ్చిన అమిగా 500 అననో, దాని మెదడు సెకనుకు 70 లక్షలకు పైబడిన స్పందనలు గలది; జ్ఞాపకస్థలము 512 కిలోబైట్లు, అనగా ఫామికామ్ పనిస్థలమునకు 256 రెట్లు; ఎన్నుకొనుటకు 4,096 వర్ణములు. నిజమైన వాద్యధ్వనులను పట్టి వినిపింపగల నాలుగు స్వరమార్గములును దానికి కలవు. చిన్న గుడిసెలో నంత యందముగా నున్న బొమ్మలకొలువు పెద్ద మేడలో నెంత శోభిల్లవలెను! పెట్టెను కొనినవా రెల్లరు అట్లే తలచి యుందురు.

జరిగినది వేఱు. అమిగా కాసిల్వేనియాలో వీరుని నడక మందమై, తెఱ జరుగుటలో కుదుపులు కానవచ్చుననియు, మీట నొక్కుటకును వీరుడు కదలుటకును నడుమ పొత్తు కుదరదనియు, రంగులు మూలపు గాంభీర్యమును కోల్పోయినవనియు ఆడినవారు నాటినుండి నేటివఱకు చెప్పుచునే యున్నారు. ప్రసిద్ధమైన యాటలకు జరిగిన చెడ్డ మార్పులను లెక్కించునపుడు దీని పేరు తఱచుగా వినవచ్చును.

బలమైన యంత్రముమీద బలహీనమైన యాట యేల పుట్టినది? ఇందు మన వంటయింటి న్యాయమే కలదు. ఇడ్లీపిండిని పెనముమీద పోసినచో అది యెంత గొప్ప పెనమైనను ఇడ్లీ కాదు. ఫామికామ్ యంత్రము ఇట్టి యాటలకే నిర్మింపబడినది. తెఱమీది నేపథ్యమును చిన్న చిన్న పలకలుగా పేర్చుటయు, దానిని నునుపుగా ప్రక్కకు జరుపుటయు, 64 చిన్న కదలుబొమ్మలను నేపథ్యము చెడకుండ దానిమీద నడపుటయు దాని యంగములే స్వయముగా చేసికొనును. అమిగాకు అట్టి కదలుబొమ్మలను యంత్రమే నడపుట కున్న సౌకర్యము ఎనిమిదింటికి మాత్రమే. తక్కినవానిని ప్రతిసారియు గీసి, చెఱిపి, మరల గీయవలెను. ఆ పనిని శీఘ్రముగా చేయుటకు ప్రత్యేకమైన యంగ మొకటి అమిగాకు కలదు. కాని దానిని నేర్పుతో నడపవలెను. రెండు యంత్రముల మెదళ్లును వేఱు జాతులవి గనుక మూలమును ఎత్తి పెట్టుట సాధ్యము కాదు. మొదటినుండి మరల వ్రాయవలెను. యంత్రమునం దెంత బలమున్నను, దానిని పిలిచి పని చేయించుకొననిచో అది యటకమీది రాగిబిందెవలె నిరుపయోగము.

మఱియొక చిక్కు చేతులకు సంబంధించినది. ఫామికామ్ చేతిపలకమీద దిక్కులు చూపు మీటగాక రెండు మీటలు కలవు: ఒకటి దుముకుటకు, ఒకటి కొరడాకు. 'పై' దిక్కును మెట్లెక్కుటకు వాడుదురు. దానిని కొరడా మీటతో కలిపి నొక్కినచో ఉపాయుధము వెడలును. నాటి అమిగా జాయ్‌స్టిక్కులలో సాధారణముగా ఒక్క మీటయే యుండెడిది. అట్టి యంత్రములమీద దుముకుటకు కఱ్ఱను పైకి త్రోయుట వాడుక. ఇప్పుడు ఆలోచింపుడు: దుముకుటకును పై దిక్కే, మెట్లెక్కుటకును పై దిక్కే యైనచో మెట్టు క్రింద నిలిచిన వీరుని కేమి యాజ్ఞ యిచ్చినట్లు? మూలమున వ్రేళ్లకు స్పష్టముగా నున్న వాక్యము ఇచట రెండర్థముల వాక్యమగును. రెండర్థములు కావ్యమునకు శ్లేషాలంకారము. గోతి యంచున నిలిచినవానికి మరణము.

మార్పు చేయువారందఱు ఇట్లే యోడిరా యన్నచో, లేదు. అదే 1986వ సంవత్సరము అక్టోబరులో కొనామి వారే ఎం.ఎస్.ఎక్స్.2 అను ఇంటి కంప్యూటరునకు 'వాంపైర్ కిల్లర్' అను పేర ఇదే కథను వెలువరించిరి. ఆ కంప్యూటరునకు తెఱను ప్రక్కకు నునుపుగా జరుపు సామర్థ్యము లేదు. వారు లేని శక్తికై ప్రాకులాడలేదు. కోటను గదులుగా విభజించి, ఒక తెఱ ముగియగానే మఱియొక తెఱ వచ్చునట్లు చేసిరి. పరుగునకు మాఱుగా వెదకుటను ప్రధానము చేసిరి. తాళపుచెవులను వెదకి తలుపులు తెఱచుటయు, పెట్టెలు తెఱచి చూచుటయు, వర్తకులయొద్ద వస్తువులు కొనుటయు అందు కలవు. పెనమే యున్నదని తెలిసి చక్కని అట్టు పోసినవారు వారు. అది మూలముతో సమానము కాదని కొందఱందురు. కాని దాని నెవ్వరును నిర్జీవమనరు.

మన వాఙ్మయము నెఱిగిన సోదరీమణులకు ఈ భేదము క్రొత్త కాదు. సంస్కృత మహాభారతమున అధికభాగము శ్లోకములే. 11వ శతాబ్దమున నన్నయ దానిని తెనిగింపబూనినపుడు శ్లోకమునకు శ్లోకమును కొలిచి పెట్టలేదు. పద్యమును గద్యమును కలిసిన చంపువుగా, తెలుగు చెవికి తగినట్లు రచించెను. కొంత తగ్గించెను, కొంత మార్చెను. కథయొక్క ప్రాణమును మాత్రము విడువలేదు. దయ్యముల యాటను గూర్చి చెప్పుచు ఆదికవిని తలచుట తగునా యని పెద్దలు కోపింతురేమో. పని చిన్నదైనను పెద్దదైనను అనువాదధర్మ మొక్కటియే. ఏది విడువదగినదో, ఏది విడువరానిదో తెలిసికొనుటయే యా ధర్మము. కాసిల్వేనియాలో గబ్బిలముల రంగు విడువదగినది. మీటకును అడుగునకును గల పొత్తు విడువరానిది. అమిగా నకలులో బొమ్మలు, పేరు, కోట నిలిచినవి; ఆ పొత్తు చెడినది.

ఆ బుడాపెస్టు వారు చేతకానివారని తలపవలదు. అదే నోవోట్రేడ్ సంస్థ రెండేండ్ల తరువాత, 1992లో, సెగా వారి యంత్రమునకు 'ఎక్కో ది డాల్ఫిన్' అను సముద్రపు ఆటను నిర్మించెను. నీటిలో ఆ జలచరము కదలు సొగసును నేటికిని మెచ్చుకొనుచున్నారు. మఱియొక విచిత్రము. కథాస్థలమైన ట్రాన్సిల్వేనియా ఇప్పుడు రుమేనియాలోనిదైనను, స్టోకర్ నవల వెలువడిన 1897లో హంగరీ రాజ్యములోనిదే. కావున డ్రాక్యులా కోటకు అంతటి పొరుగువారు నకలు చేసినవారిలో మఱియెవ్వరును లేరు. పొరుగుతనము వలన గాని, యంత్రబలము వలన గాని, పనివారి నేర్పు వలన గాని మాత్రమే పని చక్కబడదు. మూలము నందలి ప్రాణమెక్కడ నున్నదో కనిపెట్టుట కావలెను.

ఇందు తల్లుల కేమి యన్నచో, చాల గలదు. చెడ్డ నకలును ఆడు బాలుడు తరచుగా దానిని చెడ్డదని యెఱుగడు. పెట్టెమీద గొప్ప పేరున్నది. తోటివారందఱు మెచ్చిన యాట. తాను మాత్రము మొదటి మెట్టుకడనే చచ్చుచున్నాడు. కావున "నాకు చేతకాదు" అనుకొనును. పాఠపుస్తకములో లెక్కయే తప్పుగా అచ్చుపడియుండగా, జవాబు రాలేదని కన్నీరు పెట్టుకొను పిల్లలను గూర్చి మా యింటివారు పాఠశాలనుండి వచ్చి యప్పుడప్పుడు చెప్పుచుందురు. పోయిన సొమ్ముకంటె ఇది పెద్ద నష్టము. తన తప్పేదో, పనిముట్టు తప్పేదో వేఱుపఱచుకొనలేని బిడ్డ పెద్దయైన పిమ్మటను ప్రతి వైఫల్యమునకు తన్నే నిందించుకొనును. లేదా ప్రతి వైఫల్యమునకు పనిముట్టునే నిందించును. రెండును కీడే. కావున "నాకు చేతకాదు" అని బిడ్డ యన్నపుడు వెంటనే ఓదార్పవలదు, వెంటనే గద్దింపవలదు. ప్రక్కన కూర్చుండి ఒకసారి మీరే మీట నొక్కి చూడుడు.

ఆ చూచుటకు కొన్ని నియమములు వ్రాయుచున్నాను. నేడు ఆటలు పెట్టెలలోగాక దూరవాణి తెఱమీదికి వచ్చుచున్నను ఇవి చెల్లును.

మొదటిది: పేరు ఎవరిది, చేతిపని ఎవరిది యని రెండు ప్రశ్నలు వేయుడు. ప్రసిద్ధమైన పేరుతో అమ్ముదు రొకరు. లోపలిదానిని వ్రాయువారు మఱియొకరు కావచ్చును. కాసిల్వేనియా పెట్టెమీద పేరు కొనామి వారిదే.

రెండవది: ఆ యాట మొదట ఏ యంత్రమునకు పుట్టినదో విచారింపుడు. రెండు మీటల చేతిపలకకు పుట్టినది మీటలే లేని అద్దపు తెఱమీదికి వచ్చినపుడు వ్రేళ్లకు ఏమి మిగిలినదో చూడవలెను. వ్రేలు తెఱను కప్పి, రాబోవు గోతినే మఱుగుపఱచుట కలదు.

మూడవది: దుముకు మీటను పదిమార్లు నొక్కుడు. పదిమార్లును ఒకే విధముగా వెంటనే దుమికినచో ఆట కఠినమైనను న్యాయమైనది. కొన్నిమార్లు ఆలసించి, కొన్నిమార్లు మానినచో ఆ కాఠిన్యము మోసము.

నాలుగవది: ఈ పరీక్ష కొనిన నాడే చేయుడు. స్టీమ్ అను విక్రయశాలలో కొనిన 14 దినములలోపల, రెండు గంటలకు మించి యాడనిచో సాధారణముగా సొమ్ము తిరిగి యిత్తురు. గూగుల్ ప్లేలో పెక్కు కొనుగోళ్లకు 48 గంటలలోపల తిరిగి కోరవచ్చును. ఆలసించినచో హక్కు జాఱిపోవును.

మూలమునే చూడగోరు ఇండ్లకు మార్గము కలదు. కొనామి వారు 2019లో కాసిల్వేనియా పూర్వపు ఆటలను ఒక సంపుటముగా వెలువరించిరి. అందు ఫామికామ్ నాటి మొదటి యాట కలదు. పదేండ్లు దాటిన పిల్లలు, దయ్యముల బొమ్మలకు రాత్రివేళ ఉలికిపడనివారైనచో, ఆడవచ్చును. నామావళిలో 'జేమ్స్ బనానా' యని కనబడినపుడు మాత్రము, అది కినుయో యమాషితయు, సతోయె తెరాషిమయు చేసిన పని యని పిల్లలకు తప్పక చెప్పుడు.

వచ్చు మాసమున చదరంగమును కంప్యూటరుతో ఆడు పిల్లలను గూర్చి వ్రాయ దలచితిని. మీ యిండ్లలోని యనుభవములను వ్రాసి పంపినచో కృతజ్ఞురాలను.